మన చిన్నప్పటి పుస్తకాల్లో పిల్లల చేతికి ముందు ఏది ఇవ్వాలి?

నెల్లూరులోనో ఒంగోల్లోనో నలభై దాటిన నలుగురు ఒకచోట చేరినప్పుడు "చిన్నప్పుడు మీకు బాగా నచ్చిన పుస్తకం ఏంది?" అని అడిగి చూడండి. ఇక మాట ఆగదు. ఒకరు చందమామ అంటారు, ఒకరు బుడుగు అంటారు. ఇంకొకరు మాస్కో నుంచి వచ్చిన బొమ్మల పుస్తకాల గురించి చెప్తారు. బస్టాండు దగ్గర పుస్తకాలు అద్దెకిచ్చే బంకు, దసరా సెలవలు, లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివిన డిటెక్టివ్ నవల, అన్నీ బయటికొస్తాయి. అందరూ చెప్పుకున్నాక ఎవరో ఒకరు అడుగుతారు: "సరే, మా పాపకి ఇప్పుడు వీటిల్లో ఏది కొనిపెట్టమంటారు?"

ఆ ప్రశ్న కోసమే ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్తాను. మనకు ప్రాణమైన పుస్తకమే పిల్లల చేతికి మొదట వెళ్లాల్సిన పుస్తకం అనుకోకూడదు. మనం చదివే రోజుల్లో ఇంట్లో, బడిలో, వీధిలో అంతా తెలుగే. ఇప్పటి పిల్లల్లో చాలామంది ఇంగ్లీషు మీడియం. తెలుగు గడగడా మాట్లాడతారు, పేజీ ముందు పెడితే మాత్రం కూడబలుక్కుంటారు. వాళ్లకి తెలుగు కంటితో కంటే చెవితో ఎక్కువ వచ్చు. అందుకే పిల్ల చెవికి ఇప్పటికే అలవాటైన తెలుగు ఏదో చూసుకుని, దానికి దగ్గరగా ఉన్న పుస్తకంతో మొదలుపెట్టాలి. మనకి ఇష్టమైనది రెండోదో మూడోదో అవుతుంది, అంతే.

## కొనే ముందు చూడాల్సినవి

మొదటిది భాష. ఏ ప్రాంతం తెలుగులో రాశారు, వాక్యాలు పొట్టివా పొడుగువా అన్నది మిగతా అన్నిటికంటే ముఖ్యం. గోదావరి జిల్లాల ఇంట్లో వినపడే మాటలు మన కందుకూరు పిల్లకి అర్థమవుతాయి, కానీ నవ్వు తెప్పించడానికి ఒక క్షణం ఆలస్యమవుతుంది. హాస్యం పుస్తకానికి ఆ క్షణమే ప్రాణం.

రెండోది ఒక్కసారి కూర్చుంటే ఎంత చదవాలి అన్నది. పడుకోబోయే ముందు పది నిమిషాల్లో ఒక కథ అయిపోతే పిల్లలు రేపు మళ్లీ అడుగుతారు. అధ్యాయం మధ్యలో ఆపాల్సి వస్తే మర్నాటికి సగం మర్చిపోతారు. హోంవర్కులు, ట్యూషన్లు పోను ఈ రోజుల్లో మిగిలేది ఆ పది నిమిషాలే.

మూడోది అచ్చు. అక్షరం సైజు, పేజీలో ఎంత ఖాళీ ఉంది, బొమ్మ ఎక్కడ పడింది. ఇది పెద్దవాళ్లం పట్టించుకోం గానీ ఒత్తుల దగ్గర తడబడే పిల్లకి ఇదే పెద్ద అడ్డం. అంగట్లోనే ఒక పేరా పైకి చదివించండి. ఒకటి రెండు చోట్ల ఆగితే ఫర్వాలేదు, అది చదువుకుంటూ పోతే పోతుంది. ప్రతి వాక్యంలో ఆగుతుంటే ఆ పుస్తకం మీరు పైకి చదివి వినిపించాల్సిందే, ఒంటరిగా వదిలేయకూడదు.

నాలుగోది, పక్కన పెద్దవాళ్లు కూర్చోవాలా వద్దా. కొన్ని పుస్తకాల్లో పేదరికం, చావు, బలవంతపు పెళ్లి ఉంటాయి. అలాంటివి ఇవ్వొద్దని నేను అనను. ఇచ్చి వెళ్లిపోవద్దంటాను.

ధర గురించి ఎక్కువ చెప్పను. ఇక్కడ చెప్పే పుస్తకాల్లో ఏదీ ఇల్లు గుల్ల చేసేది కాదు. దొరకడమే కొన్నిటికి కష్టం, అది చివర్లో చెప్తాను.

| పుస్తకం | ఏ వయసుకి | ఒక్కో భాగం | తెలుగు తీరు | పెద్దవాళ్ల తోడు |
|---|---|---|---|---|
| చందమామ కథలు | వినడానికి 6 నుంచి, చదవడానికి 8 నుంచి | పది నిమిషాల్లో ఒక కథ | ఏ జిల్లాదీ కాని తేట తెలుగు, పొట్టి వాక్యాలు | మొదట్లో |
| రైలుబడి | 9 నుంచి | చిన్న చిన్న అధ్యాయాలు | అనువాదం, సాఫీగా సాగుతుంది | ఒకటి రెండు చోట్ల |
| దర్గామిట్ట కతలు | 11 నుంచి | ఒక్కసారి కూర్చుంటే ఒక కత | అచ్చం నెల్లూరు యాస | మీరు ముందు చదివి ఇవ్వాలి |
| బుడుగు | వినడానికి 9, చదవడానికి 12 | చిన్న భాగాలు | కోస్తా ఇంటి భాష, పిల్లాడి ముద్దు పలుకు | తప్పనిసరి |
| తొలి ఉపాధ్యాయుడు | 14 నుంచి | పెద్ద కథ, రెండు మూడు రోజులు | అనువాదం, కొంచెం నిదానం | చదివాక మాట్లాడుకోవాలి |
| బారిస్టరు పార్వతీశం | 14 నుంచి | నవల | వందేళ్ల కిందటి తెలుగు | అవసరం లేదు |

వయసులు నా అంచనా. మీ పిల్ల సంగతి మీకు తెలుసు, ఒక ఏడాది అటూ ఇటూ వేసుకోండి.

## చందమామ

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన పత్రిక. కొడవటిగంటి కుటుంబరావు దాదాపు మూడు దశాబ్దాలు దాని వెనక ఉన్నారు. ఎవరు రాసిన కథ వచ్చినా ఆయన చేతిలో పడి ఒకే రకం తెలుగులోకి మారేది. అలంకారాలు లేవు, సమాసాలు తక్కువ, ఒక వాక్యంలో ఒక పని జరుగుతుంది. రాజు అడవికి వెళ్లాడు, దాహం వేసింది, బావి కనపడింది. శ్రీకాకుళంలో చదివినా సూళ్లూరుపేటలో చదివినా అది పరాయి భాష అనిపించదు. తెలుగు కూడబలుక్కునే పిల్లకి ఇంతకంటే మంచి మెట్టు నాకు కనపడలేదు.

బేతాళ కథల సంగతి విడిగా చెప్పాలి. సంస్కృతంలో ఉన్నవి పాతికే. చందమామ వాళ్లు ఆ చట్రం తీసుకుని దశాబ్దాల పాటు కొత్త కథలు అల్లుకుంటూ పోయారు. రాజు శవాన్ని మోసుకెళ్తుంటే అందులోని బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు, రాజు నోరు తెరిస్తే శవంతో సహా మాయమవుతాడు. పిల్లలకి నచ్చేది ఆ చట్రమే. మా అన్న కూతురు అయిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక కథ పైకి చదవమన్నాను. "నిశ్చయించుకున్నాడు" అన్న మాట దగ్గర వేలు పెట్టి ఆగింది. ని, శ, చ అని విడివిడిగా పలికింది, మళ్లీ మొదటికొచ్చింది. నేను చెప్పబోయేలోపు మాట మొత్తం ఒక్కసారి నోట్లోంచి వచ్చేసింది. కంటికి అందని మాటని చెవి గుర్తుపట్టింది. కథ అయ్యాక దాని అనుమానం ఒక్కటే: "అత్తా, రాజు నోరు మూసుకోనుంటే శవం పోదు గదా, ఎందుకు మాట్లాడతాడు?" జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల పగిలిపోతుందని బేతాళుడి షరతు. చెప్తే మౌనం పోతుంది, చెప్పకపోతే తల పోతుంది. పదేళ్ల పిల్లకి ఆ ఇరకాటం భలే పట్టుకుంది. అప్పట్నుంచి ప్రతి కథ చివర ప్రశ్న రాగానే పుస్తకం మూసి, తను జవాబు చెప్పాకే తెరవనిస్తుంది.

ఇక ధారావాహికలు. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ, పాతాళదుర్గం లాంటివి మన తరం మగపిల్లల్ని, ఆడపిల్లల్ని ఒకే తీరుగా కట్టిపడేశాయి. నెల నెలా ఎదురుచూడటంలో ఉన్న టెన్షన్ ఇప్పుడు ఒక్క సంపుటంగా చదివితే రాదు. కావాలంటే మీరే వారానికి ఒక భాగం చొప్పున ఇవ్వండి, మిగతాది బీరువాలో పెట్టండి. పిల్లలు వెతుక్కుని చదివేస్తే ఇంకా మంచిది.

లోటు లేకపోలేదు. ఈ కథల్లో రాజు, జమీందారు, వర్తకుడు ఎక్కువ. ఆడపిల్ల చాలాచోట్ల గెలిచినవాడికి అర్ధరాజ్యంతో పాటు ఇచ్చే బహుమానం. ఆడపిల్లలు ఇప్పుడు ఇది పట్టుకుంటారు, అడుగుతారు. అడిగినప్పుడు "అప్పట్లో అంతే" అని దాటేయకండి, కథని వాళ్లనే మార్చి చెప్పమనండి. ఇంకో లోటు ఏందంటే, ఆ తేట తెలుగులో ఏ ఊరి వాసనా ఉండదు. పైకి చదివేటప్పుడు "వెళ్లాడు" అన్నచోట "పోయినాడు" అనండి, "ఎక్కడికి" అన్నచోట "యాడికి" అనండి. మా ఇంట్లో జేజి అలానే చదివేది, అందుకే ఆ రాజులు మాకు మన పెన్న ఒడ్డున తిరిగినట్టే ఉండేవాళ్లు.

శంకర్, చిత్రా గీసిన బొమ్మలు, వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు ఉన్న పాత సంచికలు దొరికితే వదలకండి. బొమ్మలు తీసేసి కథలు మాత్రమే వేసిన సంపుటాలు కూడా వచ్చాయి, పిల్లలకి అవి వద్దు. చందమామలో బొమ్మ సగం కథ.

బాలమిత్ర, బొమ్మరిల్లు కూడా చాలామంది జ్ఞాపకాల్లో ఉన్నాయి. ఎక్కడైనా దొరికితే తెచ్చుకోండి, కానీ ఒక్కటే కొనేటట్టయితే చందమామే.

## దర్గామిట్ట కతలు

కావలిలో పెరిగిన మహమ్మద్ ఖదీర్‌బాబు రాసిన ఈ కతలు ఒక బీద ముస్లిం ఇంటి పిల్లాడి చిన్నతనం. మన జిల్లాల పిల్లలకి ఇచ్చే పుస్తకాల్లో దీన్ని నేను ప్రత్యేకంగా ఎంచడానికి కారణం యాస. అచ్చులో కనపడే తెలుగు ఎప్పుడూ తమ ఇంటి తెలుగు కాదనే భావం మన పిల్లల్లో చిన్నప్పుడే పడిపోతుంది. టీవీలో మాట్లాడేది వేరు, పాఠంలో ఉండేది వేరు, అవ్వ మాట్లాడేది వేరు. అవ్వ మాట తప్పు అన్నట్టు పెరుగుతారు. అలాంటి పిల్ల ఒక పేజీ తెరిస్తే అందులో తన వీధి మాట ఉంటే ఏమవుతుందో చూసి తీరాలి. కూడబలుక్కోవడం తగ్గిపోతుంది, ఎందుకంటే తర్వాతి మాట ఏదో చెవికి ముందే తెలుసు. "ఏంది", "యాడ" అని అచ్చులో చూసి "ఇట్టా కూడా రాయొచ్చా?" అని అడుగుతారు. ఆ అడగటమే నాకు ముఖ్యం. అక్కడి నుంచి వాళ్లకి చదవడమే కాదు, రాయడం కూడా తమ పని అనిపిస్తుంది.

నెల్లూరు పిల్లలకి దర్గామిట్ట అంటే ఆటో ఎక్కి దిగే చోటు. రొట్టెల పండగకి బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకునే జనాన్ని కులమతాలు లేకుండా చూసినవాళ్లే అందరూ. అయినా పక్కింటి సాయిబుల ఇంట్లో ఎలా ఉంటుందో, పండగ పూట ఆ ఇంట్లో చేతిలో డబ్బు లేకపోతే ఆ తల్లి ఏం చేస్తుందో తెలిసిన పిల్లలు తక్కువ. ఈ కతల్లో అది ఉంది, నవ్వు కూడా దాని పక్కనే ఉంది. సాయిబుల ఇంట పుట్టిన పిల్లలకైతే తమ ఇంటి మాట, తమ ఇంటి వంట తెలుగు పుస్తకంలో కనపడటం ఇంకా పెద్ద సంగతి. అలాంటి పుస్తకం వాళ్లకి మన భాషలో ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇబ్బందులు చెప్పాలి. ఇది పిల్లల గురించి రాసిన పుస్తకం, పిల్లల కోసమే రాసింది కాదు. వీధి భాషలో మొరటు మాటలు దొర్లుతాయి, లేమి కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ముందు మీరు చదివి, మీ పిల్లకి ఏ కత ముందు ఇవ్వాలో ఎంచండి. రెండోది, యాస పలకడం రాని ఇంట్లో దీని సొగసు సగం పోతుంది. హైదరాబాదులోనో బెంగళూరులోనో పెరుగుతున్న పిల్లలకి సెలవల్లో ఊరికొచ్చినప్పుడు, ఇక్కడే ఉన్న తాత చేతో అవ్వ చేతో చదివించండి. ఫోన్లో రికార్డు చేసి పెట్టుకున్నా తప్పులేదు.

ఇది నచ్చితే ఆయనదే పోలేరమ్మ బండ కతలు అందుకోండి. అదీ కావలి మట్టే.

## రైలుబడి

జపాన్‌లో కురొయనాగి తెత్సుకో 1981లో రాసిన తోత్తోచాన్‌కి ఇది తెలుగు. అల్లరి ఎక్కువని ఒక బడిలోంచి పంపించేసిన పిల్లని వాళ్లమ్మ ఇంకో బడికి తీసుకెళ్తుంది. అక్కడ తరగతి గదులు పాత రైలు పెట్టెలు. హెడ్మాస్టరు కొబయాషి గారు ఆ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చెప్పడానికి మాటలు అయిపోయేదాకా గంటల తరబడి వింటారు. ఇదంతా నిజంగా జరిగింది. ఆ బడి 1945లో టోక్యో మీద పడ్డ బాంబులకి కాలిపోయింది.

ఉదయం ఏడుకి స్కూలు బస్సెక్కి చీకటి పడ్డాక వచ్చే పిల్లలకి ఈ పుస్తకం ఒక కల. చదువంటే ర్యాంకు ఒక్కటే కాదని ఇది ఎవరికీ బోధించదు, ఒక బడిని చూపిస్తుందంతే. అధ్యాయాలు చాలా చిన్నవి, ఒంటరిగా చదువుకోవడం మొదలుపెట్టే పిల్లకి ఇదే నా మొదటి ఎంపిక. ఒక పేజీ, రెండు పేజీల్లో ఒక సంగతి అయిపోతుంటే "ఇంకొకటి" అనిపిస్తుంది. భోజనం డబ్బాలో సముద్రం నుంచి కొంచెం, కొండ నుంచి కొంచెం ఉండాలని హెడ్మాస్టరు అడిగే భాగం దగ్గర మీ పిల్లని కూడా అడగండి. చేపల పులుసు ఒక పక్క, చింతచిగురు పప్పు ఒక పక్క ఉన్న ఇంటి పిల్లలకి జవాబు చిటికెలో వస్తుంది.

పోలియో వచ్చిన యసువాకి అనే పిల్లాడిని చెట్టెక్కించే భాగం, తర్వాత వాడు చనిపోయే భాగం ఉన్నాయి. ఆ రోజు పక్కన ఉండండి. జపాన్ పేర్లు మొదటి రెండు రోజులు నోరు తిరగవు, తర్వాత అలవాటైపోతాయి.

## బుడుగు

ఇక్కడ చాలామందికి నా మాట నచ్చకపోవచ్చు. బుడుగు నాకు ఎంతో ఇష్టం. ముళ్లపూడి వెంకటరమణ రాత, బాపు బొమ్మ కలిసి తెలుగు ఇంటికి ఇచ్చిన పిల్లాడు వాడు. 1956 ప్రాంతంలో ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చాడు, ఇప్పటికీ వాడికి వయసు రాలేదు. అయినా పదేళ్ల ఇంగ్లీషు మీడియం పిల్ల చేతికి మొదటి పుస్తకంగా ఇది ఇవ్వొద్దనే అంటాను.

ఎందుకంటే బుడుగులో నవ్వంతా మాటని వంకరగా పలకడంలో ఉంది. పెద్దవాళ్ల మాటని వాడు సగం విని, తన లెక్కలో మార్చి చెప్తాడు. అసలు మాట తెలిసినవాళ్లకే వంకర మాట నవ్వు తెప్పిస్తుంది. తెలుగు స్పెల్లింగు ఇంకా పట్టుబడని పిల్ల అదే సరైన మాట అనుకుని గంభీరంగా చదువుకుపోతుంది, నవ్వదు. మనం పక్కన కూర్చుని పగలబడి నవ్వుతుంటే ఇంకా కంగారు పడుతుంది. రెండోది, రాధా గోపాళం సరసాలు, బాబాయి రెండుజెళ్ల సీత వెనక తిరగడం, ఇవన్నీ పెద్దవాళ్ల కోసం వేసిన నవ్వులు. పిల్లాడి నోటితో చెప్పిన పెద్దల పుస్తకం ఇది. అందుకే మనకి పెద్దయ్యాక ఇంకా బాగా నచ్చింది.

అయితే పైకి చదివి వినిపిస్తే లెక్క మారిపోతుంది. సీగాన పెసూనాంబ పేరు గొంతు మార్చి పలికితే చాలు, తొమ్మిదేళ్ల పిల్లలు కూడా పడీపడీ నవ్వుతారు. ఇంట్లో బాగా అభినయించి చదివే బాబాయో మేనమామో ఉంటే బుడుగు ఈరోజే కొనండి. లేకపోతే పన్నెండు, పదమూడేళ్లు వచ్చేదాకా ఆగండి.

## మాస్కో పుస్తకాలు, పార్వతీశం

కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య పుట్టింది నెల్లూరు జిల్లాలోనే. ఆ ఉద్యమం వేళ్లూనిన పల్లెల్లో మార్క్సు, లెనిన్ పుస్తకాలతో పాటు మాస్కో ప్రచురణ సంస్థలు ప్రగతి, రాదుగ వేసిన పిల్లల పుస్తకాలు కూడా ఇంట్లో ఉండేవి. గట్టి అట్ట, రంగుల బొమ్మలు, కారుచౌక ధర. ఉప్పల లక్ష్మణరావు లాంటివాళ్లు మాస్కోలోనే ఉండి తెలుగు చేశారు. 1991లో సోవియట్ యూనియన్ పోవడంతో ఆ రాక ఆగిపోయింది. ఇప్పుడు దొరికేవి కొన్ని ఇక్కడ మళ్లీ అచ్చయినవి, మిగతావి పాత పుస్తకాల్లో వెతుక్కోవాల్సినవి.

వాటిలో ఒక్కటి ఎంచమంటే కిర్గిజ్ రచయిత ఐత్మాతోవ్ రాసిన తొలి ఉపాధ్యాయుడు. తనకే అరకొర చదువు వచ్చిన దూయిషేన్ అనే కుర్రాడు కిర్గిజ్ పల్లెలో పాడుబడ్డ గుర్రపుశాలని బాగుచేసి బడి పెడతాడు. అల్తినాయ్ అనే అనాథ పిల్ల ఆ బడిలో చదువుతుంది. పదిహేనేళ్లకే ఆమెని పినతల్లి వరసావిడ ఒక పెద్దవాడికి కట్టబెడుతుంది. ఆ భాగం కఠినంగా ఉంటుంది, అందుకే పద్నాలుగు అన్నాను. పదో తరగతి కాగానే పెళ్లి మాటలు మొదలయ్యే ఇళ్లు ఉమ్మడి ప్రకాశం పడమటి మండలాల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఊళ్లలో టీచర్లుగా పనిచేస్తున్నవాళ్లు తరగతిలో ఈ కథ చదివి వినిపిస్తే బాగుంటుందని నా కోరిక.

బారిస్టరు పార్వతీశం గురించి తొందరగా చెప్పేస్తాను. మొక్కపాటి నరసింహశాస్త్రి మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు నుంచి ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండు బయల్దేరిన కుర్రాడి కథ, ఇప్పటికీ నవ్వు తగ్గలేదు. కాకపోతే వాక్యాలు పొడుగు, కొన్ని మాటలు పాతవి. చదవడం అలవాటైన పిల్లకి మొదటి భాగం ఒక్కటి ఇవ్వండి. మిగతా రెండూ వాళ్లే అడుగుతారు.

## మరి భారతం?

ఇంట్లో పెద్దవాళ్లు తప్పకుండా అడిగే మాట. భారతాన్ని తెలుగు చేసిన ముగ్గురిలో ఇద్దరు మనవాళ్లు. విరాటపర్వం నుంచి చివరిదాకా తిక్కన నెల్లూరులో మనుమసిద్ధి దగ్గరుండి పదిహేను పర్వాలు చెప్పాడు. నన్నయ ఆపిన అరణ్యపర్వాన్ని, అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎర్రన పూర్తి చేశాడు. ఆ గర్వం పిల్లలకి అందించాల్సిందే, కానీ పద్యంతో మొదలుపెట్టకండి. విరాటపర్వం కథ నోటితో చెప్పండి. భీముడు వంటవాడుగా, అర్జునుడు డాన్సు మాస్టారుగా దాక్కున్న కథ చెప్తుంటే వినని పిల్లలు ఉండరు. వానలు పడకపోతే ఊళ్లో విరాటపర్వం చదివించేవాళ్లని కూడా చెప్పండి. కథ ఇష్టపడ్డాక ఒక్క పద్యం, అర్థం చెప్పి, పైకి పాడి వినిపిస్తే చాలు.

## మీ ఇంటికి ఏది?

ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు ఉంటే చందమామ, అదీ మీరు చదివి వినిపించాలి. రోజూ కుదరకపోతే శని, ఆదివారాలైనా.

తొమ్మిది, పది దాటి ఒంటరిగా చదవగలిగితే రైలుబడి. తెలుగు పుస్తకం అనగానే మొహం తిప్పుకునే పిల్లలకి కూడా ఇదే, అధ్యాయం అయిపోవడానికి పట్టే టైము తక్కువ కాబట్టి.

పదకొండు దాటి, ఇంట్లో మన యాస వినపడుతుంటే దర్గామిట్ట కతలు. ఈ వయసు పిల్లలకి ఒక్క పుస్తకమే కొనే వీలుంటే నేను కొనేది ఇదే. చందమామ తర్వాతైనా చదువుతారు. తమ ఊరి తెలుగు అచ్చులో చూసే మొదటి అనుభవం ఈ వయసులో జరిగితే ఆ పట్టు వేరు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లు పుస్తకం కంటే ముందు గొంతు పంపించుకోవాలి. ఇక్కడున్న అవ్వా తాతలు వారానికి ఒక చందమామ కథ ఫోన్లో చదివితే, ఏడాది తిరిగేసరికి పిల్ల పేజీ తెరవడానికి భయపడదు.

చదవడం మానేసి ఏళ్లయిన పెద్దవాళ్లు, మీకోసం మీరే వెతుక్కుంటున్నట్టయితే, మీకు లెక్క వేరు. బుడుగు తీసుకోండి. ఎక్కడ తెరిచినా చదవొచ్చు, ఎక్కడ మూసినా నష్టం లేదు.

## దొరకడం

చందమామ అచ్చు ఆగిపోయి చాలా ఏళ్లయింది. పాత సంచికల స్కాన్లు నెట్లో కనపడతాయి గానీ ఫోన్లో రెండు కాలమ్‌ల పేజీ పిల్లలకి చదివించడం కళ్లకి శిక్ష. ట్యాబ్ ఉంటే సరే, లేకపోతే కావలసిన కథ ప్రింటు తీయించండి. దాసరి వారి ధారావాహికలు పుస్తకాలుగా వచ్చాయి. బుడుగు, పార్వతీశం పెద్ద పుస్తకాల షాపుల్లో ఎప్పుడూ ఉంటాయి. రైలుబడి, దర్గామిట్ట కతలు ప్రింటు అయిపోతుంటాయి, మళ్లీ వస్తుంటాయి. విజయవాడలో జనవరి పుస్తకాల పండగకి వెళ్లేవాళ్లెవరైనా ఉంటే ముందే చెప్పి పెట్టుకోండి.

కొనే ముందు శాఖా గ్రంథాలయంలో అడగండి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను అందరం కడుతున్నాం, సభ్యత్వానికి కట్టే డిపాజిట్టు చాలా తక్కువ. పిల్లల పుస్తకాలు లేకపోతే కావాలని రాసి ఇవ్వండి. అడిగేవాళ్లు లేకే చాలా చోట్ల కొత్తవి తెప్పించరు. చీరాల వైపు వాళ్లకి వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918లో పెట్టింది, 1929లో గాంధీగారు భవనానికి శంకుస్థాపన చేశారు. 2022లో అది బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ మన ప్రకాశం వాళ్లకి ఇంకా అది సొంతిల్లే. పిల్లల్ని ఒక ఆదివారం తీసుకెళ్లి, వాళ్ల తాతలు పుట్టక ముందటి పత్రికలు చూపించండి.

ఇక హాస్టల్లో ఉండే పిల్లలు. మన రెండు జిల్లాల్లో ఇది ప్రతి మూడో ఇంటి సంగతి అనిపిస్తుంది. వాళ్లకి పెద్ద నవల పంపకండి, చదివే టైము ఉండదు, తీసేసుకుంటారేమోనన్న భయం కూడా ఉంటుంది. చిన్న అధ్యాయాలు ఉన్న రైలుబడి గానీ, చందమామ కథలు నాలుగైదు ప్రింటు తీయించి కుట్టిన పుస్తకం గానీ పంపండి. వార్డెన్‌కి ముందే ఫోన్ చేసి చెప్పండి. లోపల మొదటి పేజీలో పిల్ల పేరు, తరగతి, గది నంబరు రాయండి. రూములో మిగతా పిల్లలు కూడా అడుగుతారు కాబట్టి వీలైతే రెండు ప్రతులు పెట్టండి.